అలారం ఫోన్ చేస్తే నెట్ పోతోంది: లైన్ విడదీసిన ప్రాజెక్టు డైరీ

ల్యాండ్‌లైన్ మీదే ఏడీఎస్‌ఎల్ లేదా వీడీఎస్‌ఎల్ నెట్ వస్తూ, అదే తీగ మీద మానిటరింగ్ స్టేషన్‌కు (అలారం కబుర్లు అందుకుని మనుషుల్ని పంపే కేంద్రం) ఫోన్ చేసే అలారం ప్యానెల్ కూడా ఉన్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. లక్షణాలు ఇవీ: ప్రతి రాత్రీ దాదాపు ఒకే సమయానికి నెట్ తెగి, రెండు మూడు నిమిషాల్లో తిరిగి వస్తుంది. పగలు స్పీడు ఉండాల్సినదానికంటే తక్కువ. ఫోన్‌లో సన్నని గరగర. అలారం మోగిన ప్రతిసారీ రౌటర్ మీద డీఎస్‌ఎల్ లైటు ఆరిపోతుంది.

చివరిది అన్నిటికంటే ప్రమాదం. ఇంట్లో ఎవరో దూరిన క్షణానే కెమెరాలూ, మొబైల్ యాప్‌కు వచ్చే నోటిఫికేషన్లూ ఆగిపోతాయన్నమాట. స్పీడు తగ్గడం చికాకు మాత్రమే, ఇది మాత్రం అలారం పెట్టుకున్న ప్రయోజనాన్నే సగం తినేస్తుంది.

ముట్టుకునే ముందు

1. మానిటరింగ్ స్టేషన్‌కు ఫోన్ చేసి అకౌంట్‌ను టెస్ట్‌లో పెట్టమని చెప్పాలి. ప్యానెల్ మూత తీయగానే ట్యాంపర్ స్విచ్ పనిచేస్తుంది. చెప్పకపోతే అనవసరంగా మనుషులు బయల్దేరతారు.
2. ప్యానెల్ ఏసీ సరఫరా తీయాలి, తర్వాత బ్యాటరీ వైరు తీయాలి.
3. ఫోన్ తీగలో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది. రింగ్ వచ్చినప్పుడు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది, చేతికి గట్టిగానే కొడుతుంది. మెయిన్ బాక్సులో లైన్ విడదీశాకే పని.
4. మెయిన్ బాక్సు దాటి బయటి వైపు ఉన్నది ఫోన్ కంపెనీది. దాని జోలికి పోవద్దు.
5. విప్పే ముందు ప్రతి టెర్మినల్‌కూ ఫోటో, ప్రతి తీగకూ టేపు ముక్క మీద పేరు.

పనిముట్లు: మల్టీమీటర్, సన్న స్క్రూడ్రైవర్, జెల్ కనెక్టర్లు, ఒక పొట్టి ఫోన్ కార్డు, బ్యాటరీతో నడిచే పాత మీడియం వేవ్ రేడియో. రేడియో ఎందుకో నాలుగో దశలో వస్తుంది.

దశ 1: ఉన్నదున్నట్టు కొలవడం

వైరింగ్ ఇలా ఉంది: బయటి లైన్ మెయిన్ బాక్సుకు వస్తుంది. అక్కడి నుంచి ప్యానెల్‌లో లైన్ టెర్మినళ్లకు. ప్యానెల్‌లో ఫోన్ టెర్మినళ్ల నుంచి వెనక్కి వచ్చి ఇంట్లోని సాకెట్లన్నిటికీ. ఆ సాకెట్లలో ఒకదానికి మైక్రోఫిల్టర్ (నెట్ సిగ్నల్ ఫోన్లలోకి పోకుండా ఆపేది), దాని వెనక మోడెమ్. అంటే నెట్ సిగ్నల్ మొత్తం అలారం ప్యానెల్ లోపలి నుంచి వెళ్తోంది.

దీన్ని ఎవరో తెలియక చేసిన పని అనుకోకండి. దొంగ ఒక ఎక్స్‌టెన్షన్ రిసీవర్ ఎత్తి పక్కన పెట్టినా అలారం కాల్ వెళ్లాలి కదా. అందుకే ప్యానెల్‌ను అన్ని ఫోన్ల కంటే ముందు పెడతారు. కాల్ చేయాల్సి వచ్చినప్పుడు లోపలి రిలే ఇంటి ఫోన్లను తెంపేసి లైన్‌ను తను తీసుకుంటుంది. దీన్ని లైన్ సీజింగ్ అంటారు. కొన్ని ఇళ్లలో దీనికోసం ఆర్‌జే-31ఎక్స్ అనే ఎనిమిది పిన్నుల జాక్ ఉంటుంది. ప్యానెల్ కార్డు పీకగానే అందులోని షార్టింగ్ పట్టీలు లైన్‌ను నేరుగా ఇంట్లోకి కలిపేస్తాయి. ఈ ఇంట్లో ఆ జాక్ లేదు, తీగలు నేరుగా స్క్రూల కిందే ఉన్నాయి.

ఏ అంకె చూడాలన్నది ముఖ్యం. చాలామంది ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ (నాయిస్ కంటే సిగ్నల్ ఎంత మిగులుగా ఉందో చెప్పే అంకె) చూస్తారు. స్పీడును లైన్‌ను బట్టి సర్దుకునే కనెక్షన్లలో అది మోసం చేస్తుంది. మోడెమ్ ప్రతిసారీ 6 డీబీ దగ్గర మార్జిన్ మిగిలేలా స్పీడును సర్దుకుంటుంది కాబట్టి, లైన్ బాగుపడ్డా పాడైనా రీస్టార్ట్ చేశాక మార్జిన్ ఇంచుమించు అంతే కనిపిస్తుంది. పోల్చాల్సింది రౌటర్ పేజీలో ఉండే "అందుకోగల గరిష్ఠ వేగం". దానితోపాటు 24 గంటల సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో చెడిపోయి చేరిన డేటా ముక్కల లెక్క.

మొదటి రీడింగు: గరిష్ఠ వేగం 9.6 ఎంబీపీఎస్, సీఆర్‌సీ తప్పులు 24 గంటలకు దాదాపు 1,900.

తర్వాత మెయిన్ బాక్సులో ఇంటి వైపు తీగలన్నీ విడదీసి, పొట్టి కార్డుతో మోడెమ్‌ను బయటి లైన్‌కు నేరుగా తగిలించాను. గరిష్ఠ వేగం 14.1. ఇంతకంటే ఎక్కువ ఆ లైన్ ఇవ్వదు. మిగతా దశలన్నీ ఈ అంకెను అందుకోవడానికే.

లెక్క: మొదలు 9.6, గమ్యం 14.1. ఇంటి లోపల పోతున్నది 4.5.

దశ 2: ఫిల్టర్ పెడితే చాలనే సలహా

ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఇదే. పెట్టి చూశాను, రెండు చోట్లా.

ప్యానెల్‌కు ముందు, లైన్ టెర్మినల్ మీద మామూలు మైక్రోఫిల్టర్ పెట్టగానే నెట్ పూర్తిగా చచ్చిపోయింది. కారణం తేలికే. మాట నడిచేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య. ఏడీఎస్‌ఎల్ నడిచేది సుమారు 26 కిలోహెర్ట్జ్ నుంచి పైకి, ఏడీఎస్‌ఎల్2 ప్లస్ అయితే 2,208 కిలోహెర్ట్జ్ దాకా. మైక్రోఫిల్టర్ కింది భాగాన్ని పోనిచ్చి పై భాగాన్ని ఆపేస్తుంది. మోడెమ్ ప్యానెల్ వెనక ఉంది కాబట్టి దానికి రావాల్సిన సిగ్నల్‌ను ఈ ఫిల్టర్ గుమ్మంలోనే ఆపేసింది.

ప్యానెల్ తర్వాత, ఫోన్ టెర్మినల్ వైపు పెట్టి, మోడెమ్‌ను ఫిల్టర్ కంటే ముందు కలిపితే? మోడెమ్‌కు లైన్ దొరికింది కానీ వేగం 9.6 దగ్గరే ఆగింది. ప్యానెల్ సర్క్యూట్ ఇంకా లైన్ మీద బట్టబయలుగానే ఉంది, నెట్ సిగ్నల్ ఇంకా రిలే గుండానే వెళ్తోంది.

ఆర్‌జే-31ఎక్స్ జాక్ ఉన్నవాళ్లకు అలారం కోసమే చేసిన ప్రత్యేక ఫిల్టర్ దొరుకుతుంది. జాక్‌కూ ప్యానెల్ కార్డుకూ మధ్య పెడితే నెట్ సిగ్నల్‌ను ప్యానెల్ పక్కనుంచి దాటిస్తుంది. అది పనిచేసే పరిష్కారమే. అయినా మోడెమ్ సాకెట్ దాకా ఇంటి వైరింగ్ అంతా దారిలోనే మిగిలిపోతుంది కాబట్టి నాకది రెండో ఎంపిక.

లెక్క: 9.6. కదలిక లేదు.

దశ 3: ప్యానెల్‌ను దారి నుంచి తప్పించడం, తర్వాత ఒక తోక

ప్యానెల్ పవర్ తీసి, దాని లైన్ తీగలనూ ఫోన్ తీగలనూ టెర్మినళ్ల నుంచి విప్పి, జెల్ కనెక్టర్లతో ఒకదానికొకటి కలిపేశాను. వేగం 12.0 అయ్యింది. ప్యానెల్ ఒక్కటే 2.4 తింటోందన్నమాట. ఆ రాత్రి నెట్ తెగలేదు.

తెగడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. ప్యానెల్ ప్రోగ్రామింగ్‌లో రోజువారీ టెస్ట్ కాల్ ఉంది. "బతికే ఉన్నాను" అని ప్యానెల్ స్టేషన్‌కు పంపే కబురు అది. అలారం ప్యానెళ్లు స్టేషన్‌తో మాట్లాడే కాంటాక్ట్ ఐడీ అనే కోడ్ భాషలో దాని నంబరు 602. రౌటర్ లాగ్‌లో లైన్ తెగిన సమయమూ, ప్యానెల్ ఈవెంట్ లాగ్‌లో 602 వెళ్లిన సమయమూ నిమిషం తేడా లేకుండా కలిశాయి. రిలే ఇంటి తీగను తెంపుతుంది, ఆ తీగ మీదే మోడెమ్ ఉంది. టెస్ట్ కాల్ సమయాన్ని మార్చి చూస్తే తెగే సమయమూ మారింది. మీ ఇంట్లో అనుమానం తీరాలంటే ఏ తీగా విప్పకుండా చేయగల పరీక్ష ఇదొక్కటే.

ప్యానెల్ పవర్ లేకుండా ఉన్నప్పుడు రిలే గుండా రెసిస్టెన్స్ కూడా కొలిచాను. లైన్ నుంచి ఫోన్ దాకా ఒక కాలు (జతలో ఒక తీగ) 0.4 ఓమ్. రెండో కాలు 9 ఓమ్‌ల దగ్గర, పెట్టె మీద వేలితో తడితే అటూ ఇటూ ఊగుతోంది. కాంటాక్టులు మసిబారాయి. ఫోన్ జతలో రెండు తీగలూ సమానంగా ఉంటేనే బయటి నాయిస్ రెండింటి మీదా ఒకేలా పడి రద్దయిపోతుంది. ఒక కాలు బరువెక్కితే ఆ రద్దు జరగదు. గరగర ఇందుకే.

రెండు కాళ్లకూ భూమికీ మధ్య కూడా కొలవండి. ప్యానెల్‌లో పిడుగు రక్షణ భాగాలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. అవి దెబ్బతింటే ఒక కాలు భూమికి కారుతుంది. ఇక్కడ రెండూ 10 మెగాఓమ్‌ల పైనే ఉన్నాయి, ఆ బాధ లేదు.

ఇంకా 2.1 ఎక్కడ పోతోంది? మోడెమ్ పేజీలో హెచ్‌లాగ్ అనే గ్రాఫ్ ఉంటే చూడండి, అన్ని మోడెమ్‌లూ చూపించవు. ఏ టోన్ (నెట్ సిగ్నల్‌ను విడగొట్టిన చిన్న ఫ్రీక్వెన్సీ పాయ) దగ్గర లైన్ ఎంత సిగ్నల్‌ను మింగుతోందో అది గీస్తుంది. గీత నున్నగా దిగాలి. ఇక్కడ 390వ టోన్ దగ్గర గుంట పడింది. లైన్‌కు పక్కనుంచి అతికి, అవతలి కొస ఎక్కడా కలవని తీగ ఉంటే ఇలాంటి గుంట వస్తుంది. సిగ్నల్ ఆ తోక చివరిదాకా వెళ్లి, తగిలి, వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌ను కొట్టేస్తుంది.

తోక పొడవు కట్టే పద్ధతి:

1. టోన్ సంఖ్యను 4.3125 తో గుణించాలి. 390 × 4.3125 = 1,682 కిలోహెర్ట్జ్.
2. ఫోన్ కేబుల్‌లో సిగ్నల్ వేగం సెకనుకు సుమారు 20 కోట్ల మీటర్లు.
3. వేగాన్ని ఫ్రీక్వెన్సీకి నాలుగు రెట్లతో భాగించాలి. 20 కోట్లను 67.28 లక్షలతో భాగిస్తే దాదాపు 30 మీటర్లు.

ఇంట్లో ఏ సాకెట్టూ ప్యానెల్ నుంచి అంత దూరంలో లేదు. ప్యానెల్ పెట్టె వెనక తీగల కట్ట విప్పితే, ఇన్సులేషన్ కింద ఫోన్ జతకు మెలిపెట్టిన ఇంకో కేబుల్ కనిపించింది. ఒకప్పటి రెండో కీప్యాడ్ కోసం లాగిన పైపులో అది పైకప్పు మీదుగా పోయి, గోడలో కొస వదిలేసి ఉంది. తొడుగు మీద అచ్చేసిన మీటరు గుర్తుల ప్రకారం 28 మీటర్లు. అతికిన చోటే కత్తిరించి వేరు చేశాను. గుంట మాయమైంది, వేగం 13.3.

వీడీఎస్‌ఎల్2 వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 17 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లే లైన్ మీద 3 మీటర్ల తోక కూడా గుంట పెడుతుంది.

లెక్క: 9.6 నుంచి 12.0, అక్కడి నుంచి 13.3. సీఆర్‌సీ 1,900 నుంచి 1,100.

దశ 4: తప్పులు తగ్గడం లేదు

వేగం బాగానే ఉంది కానీ తప్పులు 1,100. అవి రోజంతా ఒకేలా రావడం లేదు, గుంపులు గుంపులుగా వస్తున్నాయి. దగ్గర్లో ఏదో యంత్రం నాయిస్ కక్కుతోందనడానికి అది గుర్తు.

మీడియం వేవ్ రేడియో ఇక్కడ పనికొస్తుంది. ఆ బ్యాండ్ మొత్తం ఏడీఎస్‌ఎల్2 ప్లస్ వాడే ఫ్రీక్వెన్సీల లోపలే ఉంది కాబట్టి మోడెమ్‌ను ఇబ్బంది పెట్టే నాయిస్‌లో చాలావరకు చెవికే వినిపిస్తుంది. స్టేషన్ లేని చోట పెట్టి, ఇల్లంతా నెమ్మదిగా తిరగాలి.

నా అనుమానం ప్యానెల్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. అది కాదు. దాన్ని పీకి ప్యానెల్‌ను బ్యాటరీ మీద నడిపినా రేడియోలో చప్పుడు అలాగే ఉంది. చప్పుడు పెరిగిన చోటు కెమెరా రికార్డర్ అడాప్టర్. స్విచింగ్ రకం, తేలికది. దాని వైరు, సెన్సర్ల కేబుళ్లు, ఫోన్ జత, అన్నీ ఒకే పట్టీలో కట్టి ఉన్నాయి. సెన్సర్ల కేబుల్‌లో తీగలు మెలి తిరిగి ఉండవు. నాయిస్‌ను అవి యాంటెన్నాలా మోసుకెళ్లి పక్కనున్న ఫోన్ జతకు అంటిస్తున్నాయి.

ఒక్కొక్కటే మార్చి, ప్రతి మార్పు తర్వాత పూర్తి 24 గంటల లెక్క తీసుకున్నాను:

1. అడాప్టర్ డీసీ వైరుకు ఫెర్రైట్ క్లిప్ (నాయిస్‌ను మింగే చిన్న బిళ్ల): 1,100 నుంచి 800. ఆశించినంత లేదు.
2. ఫోన్ జతను ఆ కట్ట నుంచి తీసి ఒక అడుగు దూరంగా వేయడం: 300.
3. అడాప్టర్‌ను మంచి రకంతో మార్చడం: 40.

మూడూ ఒకేసారి చేసి ఉంటే ఘనత అంతా కొత్త అడాప్టర్‌కే పోయేది. అసలు పెద్ద తేడా తెచ్చింది తీగను జరపడం, దానికి ఏ వస్తువూ అక్కర్లేదు.

లెక్క: వేగం 13.5. సీఆర్‌సీ 40.

దశ 5: స్ప్లిటర్, కొత్త దారి

ఇప్పటిదాకా ప్యానెల్ బైపాస్‌లోనే ఉంది, అంటే అలారం ఎవరికీ ఫోన్ చేయలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెట్ బాగుంది, కీప్యాడ్ మీద పచ్చ లైటు వెలుగుతోంది, సైరన్ మోగుతోంది, అంతా బాగుందనిపిస్తుంది. ప్యానెల్ లోపల లైన్ మానిటరింగ్ ఆపేసి ఉంటే ఫోన్ తీగ లేదన్న హెచ్చరిక కూడా రాదు. అందుకే ప్యానెల్‌ను మళ్లీ లైన్ మీదకు తేవడమే ఈ ప్రాజెక్టులో అసలు పని అంటాను.

నెట్‌నూ మాటనూ విడదీయాల్సింది ప్యానెల్ దగ్గర కాదు, ఇంటి గుమ్మంలో. క్రమం ఇది:

1. మెయిన్ బాక్సు పక్కనే స్ప్లిటర్. దాని లైన్ వైపుకు బయటి జత.
2. స్ప్లిటర్ డీఎస్‌ఎల్ వైపు నుంచి మోడెమ్ దాకా ఎక్కడా అతుకు లేని ఒకే కేబుల్, అందులో మెలి తిరిగిన ఒక జత. నేను క్యాట్ 5 వాడాను. దాన్ని సెన్సర్ల పైపులో వేయలేదు.
3. స్ప్లిటర్ ఫోన్ వైపు నుంచి ప్యానెల్ లైన్ టెర్మినళ్లకు.
4. ప్యానెల్ ఫోన్ టెర్మినళ్ల నుంచి ఇంటి సాకెట్లకు.
5. సాకెట్లలో పాత మైక్రోఫిల్టర్లు అన్నీ తీసేయడం. ఇక వాటికి పని లేదు.

ప్యానెల్ పవర్ ఇచ్చి కొలిస్తే వేగం 13.9. నేరుగా తగిలించినప్పటికంటే 0.2 తక్కువ, దాని కోసం ఇక వెంటపడలేదు.

రెండో దశలో ప్యానెల్ ముందు పెట్టిన మైక్రోఫిల్టర్‌ను స్ప్లిటర్ తర్వాత కూడా ఉంచితే రెట్టింపు రక్షణ కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంచి చూశాను. ప్యానెల్ టెస్ట్ రిపోర్టు మొదటిసారికి వెళ్లలేదు, అదే మళ్లీ డయల్ చేసుకుంది. కాంటాక్ట్ ఐడీలో స్టేషన్ ముందుగా 1,400 హెర్ట్జ్, ఆ వెంటనే 2,300 హెర్ట్జ్ టోన్లు పంపి "చెప్పు" అంటుంది. ప్యానెల్ ఫోన్ బటన్ల టోన్లతో కబురు చెప్పాక 1,400 హెర్ట్జ్ పొడవాటి టోన్‌తో "అందింది" అంటుంది. రెండు ఫిల్టర్లు వరుసగా ఉంటే మాట బ్యాండ్‌లో పై వైపు టోన్లు నీరసపడతాయి. ఫిల్టర్ తీయగానే రిపోర్టు మొదటి కాల్‌లోనే వెళ్లింది.

లెక్క: 9.6, 12.0, 13.3, 13.5, 13.9.

దశ 6: లైన్ సీజింగ్ పరీక్ష

ఇది దాటవేస్తే పైన చేసినదంతా నెట్ కోసం చేసినట్టే, ఇంటి కోసం కాదు.

1. అకౌంట్ టెస్ట్‌లో ఉందో లేదో స్టేషన్‌ను మళ్లీ అడగాలి.
2. ఒకరు ఇంట్లో ఏదో ఒక ఫోన్ ఎత్తి డయల్ టోన్ వింటూ ఉండాలి.
3. ఇంకొకరు కీప్యాడ్ నుంచి టెస్ట్ రిపోర్టు పంపాలి.
4. ఎత్తిన ఫోన్ వెంటనే మూగబోవాలి. టోన్ ఇంకా వినిపిస్తున్నా, ప్యానెల్ డయల్ చేస్తున్న చప్పుడు వినిపించినా వైరింగ్ తప్పు. ప్యానెల్ ఫోన్లకు ముందు లేదు, వాటి పక్కన ఉంది.
5. రౌటర్ మీద డీఎస్‌ఎల్ లైటు రెప్ప కూడా వేయకూడదు.
6. రిపోర్టు అందిందని స్టేషన్ నోటితో చెప్పాలి.
7. చివరగా మెయిన్ బాక్సులో ఫోన్ లైన్ తీసి ఉంచి, కీప్యాడ్ మీద లైన్ ఫాల్ట్ వస్తుందో లేదో చూడాలి. లైన్ తిరిగి పెట్టాక, ఫోన్ లైన్ ఫాల్ట్ అని చెప్పే కోడ్ 351 స్టేషన్‌కు చేరాలి.

మల్టీమీటర్‌తో ప్యానెల్ లైన్ టెర్మినళ్ల దగ్గర: ఖాళీగా ఉన్నప్పుడు 50 వోల్టులు, కాల్ జరుగుతున్నప్పుడు 7. రెండూ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఏడో అంశంలో హెచ్చరిక రాలేదు. ప్రోగ్రామింగ్‌లో లైన్ మానిటరింగ్ నిజంగానే ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాక వచ్చింది.

ఫైబర్‌కు మారేవాళ్లకు

రాగి తీగ పోయి ఫోన్ రౌటర్ పోర్టు నుంచి వస్తే స్ప్లిటర్ అవసరం ఉండదు, కానీ మిగతా తలనొప్పి ఉంటుంది. రౌటర్ ఫోన్ పోర్టు నుంచి వచ్చే తీగ ముందు ప్యానెల్ లైన్ టెర్మినళ్లకే వెళ్లాలి. దానికి ముందు బయటి రాగి జతను మెయిన్ బాక్సులో పూర్తిగా విడదీయాలి. లేకపోతే బయటి వోల్టేజీ రౌటర్ పోర్టును కాల్చేయవచ్చు. కొన్ని పోర్టులు 48 వోల్టుల కంటే తక్కువ ఇస్తాయి, అప్పుడు ఫోన్ పనిచేస్తున్నా ప్యానెల్ లైన్ ఫాల్ట్ అని అరుస్తుంది.

కాల్ జీ.711 లో, అంటే మాటను పెద్దగా కుదించని పద్ధతిలో వెళ్తే కాంటాక్ట్ ఐడీ టోన్లు బతికే అవకాశం ఎక్కువ. జీ.729 లాగా మాటను కుదించే పద్ధతిలో టోన్లు నలిగిపోతాయి. కరెంటు పోతే ప్యానెల్ తన 12 వోల్టుల బ్యాటరీ మీద గంటలు నడుస్తుంది, రౌటర్ మాత్రం అప్పుడే ఆగిపోతుంది. రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ యూపీఎస్ పెట్టాలి, లేదంటే ప్యానెల్‌కు సిమ్‌తో నడిచే కమ్యూనికేటర్ తగిలించాలి. నన్నడిగితే రెండోదే. ఫోన్ టోన్లను ఇంటర్నెట్ మీద పంపి నమ్మకంగా కూర్చోవడం నావల్ల కాదు.

మిగిలిన పని

రిలేలో 9 ఓమ్‌ల కాలు అలాగే ఉంది. నెట్ ఇప్పుడు దాని గుండా వెళ్లడం లేదు కాబట్టి వేగానికి నష్టం లేదు, ఫోన్‌లో గరగర మాత్రం మిగిలింది. రిలే బోర్డు మీదే సోల్డర్ అయి ఉంది కాబట్టి అలారం టెక్నీషియన్ బోర్డే మార్చాలి. కొత్త బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగులతో వస్తుంది. లైన్ మానిటరింగ్ మళ్లీ ఆన్ చేయాలి, టెస్ట్ కాల్ సమయం మళ్లీ పెట్టాలి, ఆరో దశ ఒకటి నుంచి ఏడు దాకా మళ్లీ నడపాలి. పాత బోర్డులోని ప్రోగ్రామింగ్ అంతా కీప్యాడ్ మీద ఒక్కో సెక్షన్ తెరిచి కాగితం మీద రాసి, ప్యానెల్ మూత లోపల అతికించాను.